క్లచ్ ప్లేటు మీద మిగిల్చిన నాలుగు వందలు

మిరపకాయలు అమ్ముకునేవాడికి ఎవరినీ నమ్మకపోవడం వృత్తిధర్మం. గుంటూరు యార్డులో మొదట అడిగినవాడికే సరుకు ఇచ్చేసి వచ్చిన రైతును మా ఊళ్ళో పిల్లలు కూడా లెక్కచెయ్యరు. కొనేవాడు తన చేతి మీద తువ్వాలు కప్పి, దాని కింద మన వేళ్ళు పట్టుకుని ధర చెబుతాడు. పక్కవాడికి తెలియకూడదు గదా! మనం తల అడ్డంగా ఊపాలి. అలా నలుగురికి ఊపాకే సరుకు కదలాలి. ఈ విద్యలో నేను మా నాన్నను మించిపోయానని ఆ రోజుల్లో నా నమ్మకం.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో ఒక ఏడు కాయకు మంచి ధర పలికింది. చేతిలో నాలుగు రూపాయలు ఆడితే మా వైపు మనిషికి ఏదో ఒకటి కొనేదాకా నిద్ర పట్టదు. నేను సెకండ్ హ్యాండ్ కారు కొన్నాను. అమ్మినవాడు ‘డాక్టరు గారు వాడిన బండండీ’ అన్నాడు. అప్పట్లో సెకండ్ హ్యాండ్ కార్లన్నీ డాక్టరు గార్లు వాడినవే. ఆరు నెలలు తిరక్కుండానే గేరు వేసి ఎంత తొక్కినా ఇంజను అరుస్తుందే గానీ బండి నత్తలా తప్ప కదలడం మానేసింది. మా ఊరి పెద్దమనుషుల పంచాయితీ కూడా అచ్చం ఇలాగే ఉంటుంది.

ఊరి సెంటర్లో ఉన్న ఏకైక మెకానిక్ షెడ్డు నా స్నేహితుడిదే. పదో తరగతి దాకా ఇద్దరిదీ ఒకే బెంచీ. తర్వాత నేను పలుగు పట్టాను, వాడు పానా పట్టాడు. మందు కొట్టే ఇంజను ఆగినా, ట్రాక్టరు మొరాయించినా చేలోకే వచ్చి బాగుచేసేవాడు. చిన్న పనులకు డబ్బు తీసుకునేవాడు కాదు. ఏటా ఎండాకాలం వాడింటికి ఏడాదికి సరిపడా కారం కాయలు మా కల్లంలోంచి వెళ్ళేవి. ధర నేను చెప్పలేదు, వాడు అడగలేదు. ఇరవై ఏళ్ళుగా అంతే.

వాడు కారును కాలవ కట్ట దాకా నడిపి తీసుకొచ్చి, దిగకముందే తేల్చేశాడు.

“క్లచ్ ప్లేటు అరిగిపోయిందిరా. సామానూ పనీ కలిపి మూడువేలవుద్ది. రేపు పొద్దున్నే పెట్టు.”

మూడువేలు! మొదట అడిగినవాడికి ఒప్పుకుంటే నా విద్య ఏం కాను? చూద్దాంలే అని వచ్చేశాను. ఇంట్లో మా ఆవిడ విని, “రేటు కనుక్కోబోయి మనిషిని పోగొట్టుకునేరు, చూసుకోండి,” అంది.

“వ్యాపారం వ్యాపారమే, స్నేహం స్నేహమే,” అన్నాను. యార్డులో ఒక పెద్దమనిషి దగ్గర నేర్చుకున్న మాట అది. ఆయనకు స్నేహితులెవరూ లేరన్న సంగతి ఆలస్యంగా గుర్తొచ్చింది.

ముందు చిలకలూరిపేట వెళ్ళాను. అక్కడి మెకానిక్ బానెట్ ఎత్తి చూసి, తర్వాత నన్ను జాలిగా చూశాడు. “ఇంతకుముందు ఈ బండి మీద ఎవడు చెయ్యేశాడండీ?” అని అడిగి గేరుబాక్సు పోయిందన్నాడు. నల్లపాడు మెకానిక్ బానెట్ కూడా ఎత్తలేదు. “తమకు ఎన్నెకరాలండీ?” అని అడిగాడు. నేను గొప్పగా చెప్పాను. విన్నాక, ఇంజను మొత్తం విప్పాలన్నాడు.

వాళ్ళిద్దరినీ నేను నమ్మలేదు. నేను నమ్మింది మావాడి మాటనే. రోగం క్లచ్ ప్లేటేనని నాకు రవ్వంత కూడా అనుమానం లేదు. అనుమానమల్లా మావాడి ధర మీదే. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదని ఊరికే అన్నారా?

కొత్తపట్నంలో బంధువుల ఇంట్లో శుభకార్యం వస్తే ఆ వంకన కారును ఒంగోలు దాకా ఈడ్చుకెళ్ళాను. పత్తి లారీలన్నీ నన్ను దాటిపోయాయి. ఒక ఎడ్లబండి అతను మాత్రం మర్యాదగా నా వెనకే వచ్చాడు. ఒంగోలు షెడ్డులో, “క్లచ్ ప్లేటు మార్చు, ఇంకేం ముట్టుకోకు,” అని పెద్ద పండితుడిలా చెప్పాను. రెండువేల ఆరువందలన్నాడు. అంటే రోగం పేరు మావాడి దగ్గర ఉచితంగా తెలుసుకుని, మందు ఒంగోల్లో కొన్నానన్నమాట. నాలుగు వందలు మిగిలాయి. తిరుగుళ్ళకు పెట్రోలెంత పోశానని అడక్కండి. అది వేరే ఖాతా.

తిరిగి వస్తుంటే షెడ్డు ముందు చప్పుడు విని మావాడే బయటికొచ్చాడు.

“ఏరా, ప్లేటు వేయించావా?”

“ఒంగోల్లో. నీకన్నా నాలుగొందలు తక్కువకే.”

ఈ రెండో మాట అనకుండా ఉండొచ్చు. కానీ చెప్పుకోకపోతే నాలుగొందలు మిగిలి ఏం సుఖం?

వాడు చెవి ఒగ్గి ఇంజను విన్నాడు. “మంచి ప్లేటే వేశాడు,” అని లోపలికి వెళ్ళిపోయాడు. ‘ఒరేయ్ ఎదవా’ అని తిడతాడనుకున్నాను. తిట్టలేదు. తిట్టుంటే ఎంత బాగుండేదో.

తర్వాత కనపడితే పలకరిస్తూనే ఉన్నాడు. ఏమీ కాలేదనుకున్నాను. ఎండాకాలం వచ్చింది. ఏటా మా కల్లానికి వస్తే ఖాళీ గోతాం కుప్ప మీదకి విసిరి, ‘నింపరా’ అని పాక నీడలో కూర్చుని మజ్జిగ తాగేవాడు. ఆ ఏడు గోతాం మడిచి చంకలో పెట్టుకుని కల్లం అంచునే నిలబడ్డాడు. వంగి ఒక కాయ తీసుకున్నాడు. తుంచి, వాసన చూసి, గింజలు దులిపాడు. భుజం మీది తువ్వాలు తీసి చేతి మీద కప్పి, ఆ చెయ్యి నా ముందుకు చాపాడు.

వేళాకోళమనుకుని నవ్వుతూ నేనూ చెయ్యి పెట్టాను. వాడు నా వేళ్ళు పట్టుకున్నాడు. వాడు నవ్వడం లేదు. పట్టిన వేళ్ళు సరిగ్గా ఆ రోజు యార్డు ధరే. తక్కువ చెప్పుంటే నాలుగు తిట్టి, గోతాం నింపి పంపేవాణ్ణి. ఆ దారి కూడా నాకు మిగల్చలేదు.

“ఏందిరా ఇది?” అన్నాను.

“సరిపోద్దా? లేకపోతే ఇంకో రెండు కల్లాలు చూసుకొస్తా.”

జీవితమంతా అడ్డంగా ఊపడానికే అలవాటు పడిన తలను నిలువుగా ఊపాను. అంత సిగ్గు నేనెప్పుడూ పడలేదు. మా ఆవిడ కాటా తెచ్చి మా ఇద్దరి మధ్యా పెట్టింది. తూకం సరిపోయాక నేను ఇంకో రెండు దోసిళ్ళ కాయలు గోతాంలో వేశాను. వాడు ఆ రెండు దోసిళ్ళూ తీసి మళ్ళీ కుప్ప మీద పోశాడు.