ఫొటో కింద రాసిన మాట

జాతీయ గ్రంథాలయ సంఘం కార్యవర్గానికి నేను ఎన్నికైంది ఒక ఆడమనిషి కథ చెప్పుకుని. ఆ ఎన్నికలో ఆమెకు ఓటు లేదు.

అప్పుడు నేను కర్నూలును ఆనుకుని ఉన్న కల్లూరులో శాఖా గ్రంథాలయం నడుపుతున్నాను. ఢిల్లీలో ఉండే ఆ సంఘంలో చిన్న ఊళ్ల గ్రంథపాలకులకు ఒకే ఒక్క స్థానం ఉండేది, అది ఆసారి మా వైపు వచ్చింది. మిగిలినవన్నీ విశ్వవిద్యాలయాల వాళ్లవి. ఆ ఒక్క స్థానానికి నిలబడి కర్నూలు, కడప జిల్లాల్లో తిరిగినప్పుడు ప్రతి చోటా ఆమె సంగతే చెప్పాను. విన్నవాళ్లు కళ్లు తుడుచుకున్నారు. నాకు ఓట్లు పడ్డాయి.

ఆమెది ఆదోని అవతల ఒక పల్లె. పదో తరగతి దాకా చదివింది. నాకంటే పదేళ్లు పెద్దది, అక్కా అని పిలిచేవాణ్ణి. పంచాయతీ ఆఫీసు పక్కన ఒకే గది, రెండు ఇనుప బీరువాలు, ఒక బల్ల. కాగితాల్లో దాని పేరు పుస్తక నిక్షేప కేంద్రం. ఇరవై ఏళ్లకు పైగా దాన్ని ఆమె ఒక్కతే చూసుకుంది. ఉద్యోగం కాదు, ఏదో గౌరవ వేతనం మీద.

ఆ ఊళ్లో పంట పోయిన ప్రతి ఏడూ సగం ఇళ్లకు తాళాలు పడతాయి. పెద్దా చిన్నా లారీలెక్కి గుంటూరు వైపు మిరపకాయ కోతలకు పోతారు. సుగ్గికి పోవడం అంటారు దాన్ని. నాలుగు నెలలు పిల్లలకు బడి ఉండదు. లారీ ఎక్కేముందు ఆమె పిల్లల చేతుల్లో పుస్తకాలు పెట్టి పంపేది. పొడుగు నోటుపుస్తకంలో పిల్లవాడి పేరు, పుస్తకం పేరు, ఏ ఊరికి పోతున్నారో, తీసుకుపోయే మేస్త్రీ ఎవరో, అతని ఫోన్ నంబరు, అన్నీ రాసుకునేది.

మొదటిసారి ఆ నోటుపుస్తకం చూసినప్పుడు నేనే అడిగాను.

"ఇదేందక్కా, పుస్తకం ఇచ్చేది పదైదు దినాలకే కదా రూలు?"

"రూలుకు సుగ్గి సంగతి తెలుస్తాదా అప్పా? వాళ్లు తిరిగొచ్చే దాకా పుస్తకం వాళ్లకాడనే ఉండాది. యాడికి పోతాది?"

నేను ఎన్నికల్లో నిలబడ్డానని తెలిసి, ఓటు లేని ఆ మనిషి బస్సెక్కి ఆదోని, ఎమ్మిగనూరు పోయి ఓట్లున్న వాళ్లను అడిగి వచ్చింది. "మా అప్పకు వేయండి, మా మాట చెప్తాడు" అని. ఆ సంగతి నాకు వాళ్లే చెప్పారు.

కార్యవర్గంలో కూర్చున్న మొదటి రోజు నుంచి నాది ఒకటే తీర్మానం. పల్లెల్లో ఇలా పనిచేసే వాళ్లను సంఘం సభ్యులుగా చేర్చుకోవాలి, వాళ్ల పని పర్మనెంటు చేయమని ప్రభుత్వానికి ఇచ్చే వినతిపత్రంలో రాయాలి. రెండు సమావేశాల్లో వాయిదా పడింది. మూడోది కడపలో పెట్టించాను. గండికోట చూపిస్తానంటే అందరూ ఒప్పుకున్నారు. అధ్యక్షుడు, తెల్లటి గడ్డం ఉన్న పెద్దమనిషి, "మీరు ఎప్పుడూ చెప్పే ఆ మహిళను కూడా పిలవండి, వింటాం" అన్నాడు.

ఆమె ముందు రోజే బయల్దేరి కడపలో తెలిసినవాళ్లింట్లో ఉండి, పొద్దున్నే ఒక కాలేజీ సెమినార్ హాలుకు వచ్చింది. పెళ్లిళ్లకు కట్టే చీర కట్టుకుంది. బట్టల షాపు కవరులో నోటుపుస్తకం. వాళ్లు ఇంగ్లీషులో అడుగుతారు, ఆమె తెలుగులో చెబుతుంది, మధ్యలో నేను.

"పుస్తకాలను ఏ పద్ధతిలో వర్గీకరిస్తారో అడగండి" అన్నాడు అధ్యక్షుడు.

"అక్కా, పుస్తకాలు ఏ వరసలో పెడతావని అడుగుతాండారు."

"పెద్దోళ్లవి ఒక బీరువా, పిల్లోళ్లవి ఒక బీరువా. సినిగిపోయినవి బల్ల కింద. అంతే కదప్పా?"

ఆ మాటకు ముందూ వెనకా కాస్త మర్యాద చేర్చి చెప్పి ఉండవచ్చు. చినిగిన పుస్తకాలను ఆమె ఇంట్లో గంజి కాచి అతికిస్తుందని చెప్పి ఉండవచ్చు. ఉన్నది ఉన్నట్టు ఇంగ్లీషు చేశాను. ఎవరో "మూడో వర్గం, బల్ల కింద" అన్నారు. హాలంతా నవ్వింది. వాళ్లకు తన మాట నచ్చిందనుకుని ఆమె కూడా నవ్వింది. అందరితో పాటు నేనూ నవ్వాను.

తర్వాత నోటుపుస్తకం చేతులు మారింది. నాలుగు నెలలు బయట ఉన్న పుస్తకాల పేజీ మీద ఒకాయన వేలు పెట్టి పక్కనున్నాయనకు చూపించాడు. ఒకరు ఫోన్ తీసి, నోటుపుస్తకం పట్టుకుని నిలబడమని ఆమెకు సైగ చేశారు.

"ఫొటో తీస్తాండారా అప్పా? ఉండు, కొంగు సర్దుకుంటా."

మధ్యాహ్నం భోజనాలు సభ్యులకు లోపల, డ్రైవర్లకు బయట వరండాలో. ఆమెకు వరండాలో వడ్డించారు. కిటికీలోంచి చూశాను. లోపల నా పక్క కుర్చీలో ఒకాయన సంచి ఉంది. తీయమని అడగలేదు.

గండికోట బస్సు దగ్గరికి ఆమె వచ్చింది.

"నేనూ రావచ్చునా అప్పా? ఇంత వయసొచ్చినా గండికోట చూడనే లేదు."

"సీట్లు లేవక్కా."

"కానీలే మరి, నేను ఊరికి పోతా" అని బస్టాండు వైపు నడిచింది. బస్సులో వెనక నాలుగు సీట్లు ఖాళీగా ఉన్నాయి. అధ్యక్షుడు ఆరోజు నన్ను తన పక్కన కూర్చోమన్నాడు. దారి పొడుగునా తెలుగు పల్లెటూరి మనిషిని వెంటబెట్టుకుని కనిపించడం నాకు ఇష్టం లేకపోయింది. ఇంతకుమించి కారణం లేదు.

కోట వెనక, కింద పెన్న కనిపించే బండల మీద అందరూ ఫొటోలు దిగుతుంటే అధ్యక్షుడు నన్ను పక్కకు తీసుకుపోయాడు.

"మీరు పిలిపించిన ఆమె మంచి మనిషే. కానీ అర్హత లేని వాళ్లు కూడా గ్రంథపాలకులే అని మనమే రాసిస్తే, రేపు మన డిగ్రీలను ఎవరు లెక్కచేస్తారు? ఒక్క వాక్యం మార్చండి. గ్రామ గ్రంథాలయాలను అర్హులైన వారే నడపాలి అనండి. అది కూడా పల్లెల మేలు కోరే మాటే కదా." కాస్త ఆగి, "వచ్చే ఏడు సంయుక్త కార్యదర్శి పదవి మీ వైపు వాళ్లకు ఇద్దామనుకుంటున్నాం" అన్నాడు.

ఆ వాదనకు జవాబు నా దగ్గర ఉంది. రెండు పేజీలు రాసుకుని జేబులో పెట్టుకుని వచ్చాను. "ఆలోచిస్తాను సార్" అన్నాను. తిరిగి బస్సు దగ్గరికి చేరేలోపే సరేనన్నాను. మరుసటి రోజు కడపలో ఆ వాక్యం కింద మొదటి సంతకం నాచేతే పెట్టించారు, చిన్న ఊళ్ల ప్రతినిధిని నేనే కాబట్టి.

రెండు నెలలకు సంఘం పత్రిక వచ్చింది. లోపలి పేజీలో ఆమె ఫొటో. కొంగు నిండుగా కప్పుకుని, నోటుపుస్తకం గుండెకు ఆనించుకుని, నవ్వుతూ. కింద ఇంగ్లీషులో ఉన్నది ఇది: "శిక్షణ లేని చేతుల్లో మన పుస్తకాలు. నెలల తరబడి అవి ఎక్కడున్నాయో ఈమెకే తెలియదు."

ప్రతి పుస్తకం ఏ ఊళ్లో ఏ మేస్త్రీ దగ్గర ఉందో ఆమె చేతిలో ఉన్న ఆ నోటుపుస్తకంలోనే రాసి ఉంది. ఆ సంగతి నేను పత్రికకు రాయలేదు.

సమావేశానికి వచ్చిన అందరికీ పంపినట్టే ఆమెకూ ఒక ప్రతి పోయింది. ఫోన్ చేసింది.

"అప్పా, నా ఫొటో ఏసినారు పుస్తకంలో! శానా బాగా పడినాది. కింద ఇంగ్లీషులో ఏందో ఉండాది. ఏమని రాసినారప్పా?"

పత్రిక నా ముందు బల్ల మీద తెరిచి ఉంది.

"పల్లెలో పుస్తకాలు కాపాడుతున్న మహిళ అని రాసినారక్కా."

"నిజంగా?"

"నిజంగానే."

"అట్లయితే ఫ్రేము కట్టిస్తా."

కట్టించింది. ఆదోని పోయి అద్దం వేయించి, గదిలో తలుపుకు ఎదురుగా మేకు కొట్టి తగిలించింది. ఊళ్లో ఇంగ్లీషు చదవగలిగిన పిల్లలు ఒకరిద్దరు ఉండే ఉంటారు. చదివే ఉంటారు. ఆమె ముఖం చూసి చెప్పలేకపోయి ఉంటారు.

ఆ ఏడు మా సంఘం వినతిపత్రాన్ని పేర్కొంటూ ఒక ఉత్తర్వు వచ్చింది. అర్హత లేనివారు నడిపే కేంద్రాలను తనిఖీ చేసి మూసివేయాలని. దాన్ని మా విజయంగా ఢిల్లీలో చప్పట్లు కొట్టి చెప్పుకున్నారు. ఆ పల్లెకు తనిఖీకి పోయిన అధికారి మా జిల్లా వాడే, నాకు తెలిసినవాడే. సాయంత్రం ఫోన్ చేశాడు.

"సార్, నా సర్వీసులో ఇట్లాంటిది చూళ్లేదు. ఆమె చార్జిషీటు ఆమే ఫ్రేము కట్టించి గోడకు తగిలించుకునింది! నాకు రాసే పని కూడా లేకుండా పోయింది."

అతను పగలబడి నవ్వాడు. నేనూ నవ్వాను, చిన్నగానే, కాకపోతే అవతలి మనిషికి వినపడేంత.

వారం తర్వాత ఆ ఊరు పోయాను. గదికి కొత్త తాళం, సీలు. బీరువాలు టౌనుకు తరలించారు. ఆమె తన ఇంటి ముందు అరుగు మీద కూర్చుని చాటలో వేరుశనగ కాయలు ఒలుస్తోంది. నన్ను చూసి లేవలేదు.

"రా సార్, కూర్చో."

అంతకుముందు ఎప్పుడూ ఆమె నన్ను సార్ అనలేదు.

"అక్కా, నేను ఈ ఉత్తర్వు ఇట్లా వస్తుందని..."

"నేను ఫోన్ చేసినప్పుడు నా ఫొటో ఏసిన పుస్తకం నీ దగ్గర ఉండిందా?"

"ఉండింది."

"చదివినావా?"

"చదివినా."

కొంచెంసేపు కాయలు ఒలిచింది. గొంతు పెంచలేదు.

"పని పోతే పోయిందిలే సార్, రేపు కూలికి పోతా. నేను అడిగినా కదా నిన్ను, ఏమని రాసినారని? అప్పుడే చెప్పింటే గోడకు ఏసేదాన్ని కాదు కదా? పేపరు చదివేటోళ్లు పదిమంది ఉండారు ఆ పొద్దు. తనిఖీకి వచ్చినాయప్ప ఫ్రేము కాడ నిలబడి గట్టిగా ఇంగ్లీషు చదువుతాండాడు. నేను పక్కన నిలబడి నవ్వుతాండా, నన్ను పొగడతాండాడని. అంతా అయినాక తెలుగులో చెప్పినాడు."

నేను తలవంచుకుని, వచ్చే సమావేశంలో మాట్లాడతాననీ, ఆమెకు ఏదో ఒక సర్టిఫికెట్ కోర్సు చెప్పిస్తాననీ అన్నాను. అప్పటికప్పుడు నోటికొచ్చిన మాటలు.

"ఇంగ నా గురించి ఎవురికీ చెప్పొద్దు సార్. చెప్పింది సాలు."

మంచినీళ్లు ఇచ్చింది. తాగి వచ్చేశాను.

ఎండలు ముదిరాక సుగ్గికి పోయిన వాళ్లు తిరిగొచ్చారు. ఒక మధ్యాహ్నం కల్లూరులో మా గ్రంథాలయం ముందు షేర్ ఆటో ఆగింది. తలపాగా చుట్టుకున్న ఒక మేస్త్రీ గోతం దించి లోపలికి ఈడ్చుకొచ్చాడు.

"అక్క ఈడ ఇయ్యమనింది. మా ఊళ్లో తాళం ఏసినారంట కదా."

గోతం నిండా పుస్తకాలు. మిరపకాయ ఘాటుకు తెరుస్తూనే తుమ్ములొచ్చాయి. కొన్నింటికి పాలిథిన్ అట్టలు వేసి ఉన్నాయి. పైన నోటుపుస్తకం పేజీలు చించి పెట్టింది, ప్రతి పేరుకూ ఎదురుగా టిక్కు కొట్టి. కూర్చుని సరిచూశాను. ఒక్కటీ పోలేదు.

జిల్లా ఆఫీసుకు ఫోన్ చేసి చెప్పాను. "అవి పోయినట్టు రిపోర్టు పంపినాం కదా సార్" అన్నాడు ఆ అధికారే. "ఆమె నిర్లక్ష్యం వల్ల పోయినాయని. పోయిన పుస్తకాలు ఇప్పుడెట్ల తిరిగొస్తాయి? మీరేం రాయొద్దు."

నేనేం రాయలేదు. గోతం మూతి కట్టి, వెనక గదిలో పాత పేపర్ల కట్టల వెనక పెట్టించాను. రికార్డులో ఆమె ఇప్పటికీ పుస్తకాలు పోగొట్టిన మనిషే. అర్హత ఉన్నవాళ్లెవరూ ఆ ఊరికి రాలేదు. ఆ గదిలో పంచాయతీ వాళ్లు బ్లీచింగ్ పౌడర్ మూటలు వేసుకున్నారని విన్నాను.

సంయుక్త కార్యదర్శి పదవి మాత్రం అన్నమాట ప్రకారం నాకే ఇచ్చారు. పోటీ లేదు.

మొన్న బ్రహ్మోత్సవాలప్పుడు ఒంటిమిట్ట పోయాను, మా సొంత ఊరు అక్కడికి దగ్గరే. దర్శనం క్యూలో తడికెలకు అటువైపు వరసలో ఆమె ఉంది. బాగా నల్లబడింది. వేళ్ల చివర్లు పగిలి ఉన్నాయి. ఇప్పుడు ఆమె కూడా సుగ్గికి పోతోందని అప్పుడు అర్థమైంది. చూపు తప్పించుకునే వీలు లేకపోయింది.

ఆమె పక్కనున్న నడివయసు ఆడమనిషి అడిగింది.

"ఎవురక్కా ఆయప్ప?"

"పెద్ద సారుమ్మా. మన లాంటోళ్ల కోసం ఢిల్లీలో మాట్లాడతాడు."

ఆమె గొంతులో వెటకారం ఉందేమోనని వెతికాను. లేదు. దారి అడిగిన వాళ్లకు చెప్పినట్టు చెప్పింది. పక్కనున్న ఆమె నా వైపు తిరిగి రెండు చేతులూ ఎత్తి దండం పెట్టింది. నేనూ పెట్టాను. అటువైపు వరస ముందు కదిలింది.