చెవుల్లో దూది

న్యాయదేవత కళ్లకు గంతలు కట్టుకుంటే, ఈ బాక్సింగు జడ్జిగారు చెవుల్లో దూది కుక్కుకుంటారు. వినికిడికేం లోటు లేదు. వంటింట్లో భార్య గొణిగినా హాల్లోంచి జవాబు చెప్పగలరు. కానీ రింగు పక్కన కుర్చీలో కూర్చున్నారంటే మాత్రం రెండు చెవుల్లోనూ దూది పడాల్సిందే.

ఈ అలవాటుతో తిప్పలన్నీ ఆయన బావమరిదివి. రింగు దగ్గర గంట కొట్టేది అతనే. రౌండు అయిపోయిందని కొట్టే గంట హాలంతటికీ వినిపిస్తుంది, బావగారికి తప్ప. బాక్సర్లిద్దరూ తమ మూలలకు వెళ్లి నోట్లో నీళ్లు పుక్కిలిస్తుంటే, అందులో ఎవరిది పైచేయో తేల్చేవాడిలా ఆయన ఇంకా కళ్లార్పకుండా చూస్తుంటారు. అందుకని బావమరిది ఒక చేత్తో గంట కొట్టి, రెండో చేత్తో ఎర్ర తువ్వాలు ఊపుతాడు. అది కనబడ్డాకే ఆయన గెలిచినవాడికి పది, ఓడినవాడికి తొమ్మిది వేసి చీటీ రిఫరీకి అందిస్తారు.

ఈ గోలంతా ఎందుకని బావమరిది ఒకసారి అడిగాడు.

"మనూరి వాడి దెబ్బ అవతలివాడి గ్లవ్స్ మీద పడినా హాలు దద్దరిల్లుతుంది. పొరుగూరి వాడు డొక్కలో గుద్దినా పలికే నాథుడుండడు. నేనూ మనిషినే కదరా. అరుపు చెవిన పడితే నా చెయ్యీ అటే మొగ్గుతుంది," అన్నారాయన.

మాట బాగానే ఉంది గానీ, పోటీ అయ్యాక జనం నానా తిట్లూ తిడుతుంటే ఆయన దూదితోనే చిరునవ్వు నవ్వి, తలాడించి, ఎటో మాయమైపోయేవారు. జనానికి జడిసి దొడ్డిదారిన జారుకుంటున్నారని బావమరిది అనుమానం. లోలోపల సిగ్గుపడేవాడు కూడా.

అంతలో టైటిల్ పోటీ వచ్చింది. ఊరంతా నెత్తిన పెట్టుకున్న కుర్రాడు ఒకవైపు, వెంట కోచ్ తప్ప ఎవరూ లేని పొరుగూరి వాడు ఇంకోవైపు. నిర్వాహకుడు బావమరిదిని పక్కకు పిలిచి, మీ బావ ఈసారీ దూదితో కూర్చుంటే ఆయన కుర్చీ, నీ గంట రెండూ ఊడతాయని తేల్చి చెప్పాడు. అతను పరుగెత్తుకెళ్లి బావగారి ముందు వంగి, ఈ ఒక్కసారికీ దూది తీసెయ్యమని బతిమాలాడు. ఆయన ఎంతో ఆప్యాయంగా తలాడించారు. హమ్మయ్య అనుకుని తిరిగి వస్తుంటే అప్పుడు వెలిగింది అతనికి. దూది అప్పటికే పెట్టేసుకున్నారు.

మిగతా ఇద్దరు జడ్జీలు చెరోవైపు వేశారు. తేల్చింది ఈయన చీటీలే. పొరుగూరి వాడు గెలిచాడు. నీళ్ల సీసాలు గాల్లోకి లేచాయి. జడ్జిగారు తలాడించి మాయమయ్యారు.

దొడ్డిదారంతా వెతికి, చివరికి ఓడినవాడి గదిలో కనిపెట్టాడు బావమరిది. వాచిన కంటి మీద మంచుగడ్డ అదుముకుని ఆ కుర్రాడు పళ్లు కొరుకుతున్నాడు. ఎదురుగా బల్ల మీద బావగారు. రెండు దూది ఉండలూ అరచేతిలో ఉన్నాయి.

"అక్కడ వినకూడదు కాబట్టి వినలేదు. ఇప్పుడు వినడానికే వచ్చాను. కడుపులో ఉన్నదంతా అనెయ్ బాబూ."

కుర్రాడు అన్నాడు. వినలేని మాటలే అన్నాడు. ఆయన ఒక్కటీ వదలకుండా విన్నారు. తిట్లు అయిపోయాక కుర్రాడు ఏడ్చాడు, ఏడుపు ఆగాక తను ఎక్కడ ఓడాడని అడిగాడు. అలిసినప్పుడల్లా నీ ఎడంచెయ్యి కిందికి జారుతోంది, ఈ అరుపుల్లో నీకది ఎవరూ చెప్పలేదు అంటూ ఆయన రౌండు వెంట రౌండు విప్పి చెప్పారు. ఓడినవాళ్ల దగ్గరికి ఆయన ప్రతిసారీ ఇలాగే వస్తారని, గుమ్మంలో నిలబడ్డ కుర్రాడి కోచ్ అన్నాడు. ఇన్నాళ్లూ ఈ మనిషినా పిరికివాడనుకున్నాను అని బావమరిది తనను తానే తిట్టుకున్నాడు.

నిర్వాహకుడు అన్నంత పనీ చేయబోయాడు. ఆ కుర్రాడే అడ్డుపడ్డాడు.

"దూదాయన కూర్చుంటేనే రింగులోకి దిగుతాను. గెలిచానని ఆయన చెబితేనే నేను నమ్ముతాను."

మరుసటి పోటీ నాడు మిగతా ఇద్దరు జడ్జీలు కూడా మొహమాటపడుతూ వచ్చి దూది కోసం చెయ్యి చాచారు. ఇప్పుడు బావమరిది గంట కొట్టిన వెంటనే తువ్వాలు పట్టుకుని రింగు చుట్టూ మూడు పక్కలా పరుగెత్తాల్సి వస్తోంది. పైగా రింగు పక్కన కూర్చునేవాళ్లలో చెవుల్లో దూది లేనివాడు అతనొక్కడే మిగిలాడు కాబట్టి, జనం ముగ్గురినీ తిట్టే తిట్లన్నీ అతనికే వినపడుతున్నాయి. అతను కూడా తలాడించడం నేర్చుకున్నాడు.