సింహం అవతలి బస్సు

మా పాపకు ఐదేళ్ళు నిండకముందే ఉబ్బసం మొదలైంది. అప్పటినుంచి వంట చేస్తున్నా, ఫోన్ మాట్లాడుతున్నా నా చెవి ఒకటి దాని ఊపిరి మీదే ఉండేది.

అందుకే జూ పార్కులో సఫారీకి పోదామని మావారు అన్నప్పుడు నేను వద్దన్నాను. పాపేమో వారం నుంచి సింహం, సింహం అని కలవరిస్తోంది. ఎల్‌బీ నగర్‌లో మాతోనే ఉండే మా అత్తగారిది నల్గొండ దగ్గర పల్లె.

"పిల్లను ఎన్ని దినాలు ఇంట్లనే కూసోబెడ్తవ్? జర గాలి తగలనీ," అన్నారు ఆవిడ.

నా భయం ఆ గాలి గురించేనని చెప్పలేకపోయాను. మాది గుంటూరు వైపు. కోచింగ్ సెంటర్లో పాఠాలు చెప్పడానికి మా నాన్న దిల్‌సుఖ్‌నగర్ వచ్చినప్పటి నుంచి ఇక్కడే ఉన్నా, అత్తగారికి ఎదురు చెప్పేటప్పుడు నాకు మాటలు దొరకవు. ఆదివారం పొద్దున్నే అత్తగారితో సహా నలుగురం బయలుదేరాం.

సఫారీ బస్సు కిటికీలన్నిటికీ ఇనుప జాలీ బిగించి ఉంది. మేం ఎక్కబోయేసరికి మూడు సీట్లే మిగిలాయి.

"మీరు ముగ్గురు పోండ్రి, నేను ఎన్క బస్సుల ఒస్త," అంటూ మావారు పాపను ఎత్తి మెట్టు మీద నిలబెట్టారు. మందుల సంచి ఆయన భుజానికే ఉంది. ఆ సంగతి ఇద్దరికీ తోచలేదు.

రెండు గేట్లు దాటి లోపలికి వెళ్ళాక, మట్టిరోడ్డుకు అడ్డంగా ఒక ఆడసింహం పడుకుని కనిపించింది. డ్రైవర్ బస్సు ఆపాడు. హారన్ కొట్టకూడదట, దానంతట అదే లేవాలట. అందరూ ఫోన్లు పట్టుకుని ముందుకు ఎగబడ్డారు. మేం లేపిన దుమ్మే వెనకనుంచి వచ్చి జాలీలోంచి లోపలికి దిగింది.

పాప రెండుసార్లు దగ్గింది. తర్వాతి దగ్గు చివర్లో సన్నగా పిల్లికూత వినిపించింది.

నా చెయ్యి సంచి కోసం భుజం మీదికి వెళ్ళింది. అక్కడేమీ లేదు. వెనక్కి తిరిగి చూశాను. మావారి బస్సు కాస్త దూరంలో ఆగి ఉంది. ఎప్పుడు వచ్చిందో, జూలున్న మగసింహం ఒకటి రెండు బస్సుల మధ్యా కూర్చుని ఉంది.

ఫోన్ చేశాను. నేను నోరు తెరవకముందే, "సంచి నా దగ్గర్నే ఉండిపాయె. పాప ఎట్లుంది?" అన్నారాయన.

"పిల్లికూతలు మొదలయ్యాయండీ."

నేను డ్రైవర్ దగ్గరికి పరుగెత్తి చెప్పాను. అతను పాపను ఒకసారి చూశాడు. "ఇక్కడ తలుపు తీయనీకి లేదమ్మా. రివర్స్ పోదామంటే ఎన్క అది కూసుంది. ఆగున్రి, ఆ డ్రైవర్‌తోని మాట్లాడ్త," అని ఫోన్ తీశాడు.

అత్తగారు పాపను నిటారుగా ఒళ్ళో కూర్చోబెట్టుకుని వీపు నిమురుతున్నారు. "మెల్లగ బిడ్డా, మెల్లగ. నేను ఊపిరి ఇడుస్తున్న సూడు, నాతోటి నువ్వు గూడ ఇడువు." నా వైపు చూడకుండానే, "నేనే రమ్మంటి. నా నోరు పడిపోను," అన్నారు. కాదని అనాలి. కానీ పాప గొంతు కింద గుంట పడుతూ లేస్తూ ఉంటే నేను అదే చూస్తూ ఉండిపోయాను. బస్సులో ఫోన్లన్నీ కిందికి దిగాయి.

వెనక బస్సు కదిలింది. రోడ్డు దిగి గడ్డిలోకి ఒరిగి, మగసింహాన్ని తప్పించుకుని మెల్లగా మా కుడిపక్కకు వచ్చింది. దాని తలుపుకున్న చిన్న కిటికీ మా డ్రైవర్ కిటికీకి ఎదురుగా ఆగింది. ఆ కిటికీ వెనక మావారి ముఖం. మా డ్రైవర్ జాలీ రెక్క జానెడు తీశాడు. అప్పుడే ఆ మగసింహం లేచి నిలబడింది. ఎవరో కెవ్వుమన్నారు.

మావారి చెయ్యి సంచితో బయటికి వచ్చింది. సంచి పట్టీ గడియకు తగులుకుంది. ఆయన లాగుతున్నారు, అది రావడం లేదు. సింహం రెండడుగులు ఇటు వేసింది.

"గుంజన్నా, జల్ది గుంజు!" అని అరిచి మా డ్రైవర్ తానే చెయ్యి చాపి సంచిని లాక్కుని రెక్క మూసేశాడు. సింహం ఆ బస్సు చక్రాన్ని వాసన చూసి, పొదల వైపు వెళ్ళిపోయింది.

ఇన్‌హేలర్‌ను పాప మందు పీల్చే గొట్టానికి తగిలించడానికి నా వేళ్ళు సహకరించలేదు. అత్తగారు నా మణికట్టు పట్టుకున్నారు. ఒకసారి, మరోసారి నొక్కాను. కాసేపటికి కూత సన్నబడింది. ఇంకాసేపటికి పాప అత్తగారి భుజం మీద తల వాల్చింది. రోడ్డు మీది ఆడసింహం ఎప్పుడు లేచి దారి ఇచ్చిందో నేను చూడలేదు.

బయటికి వచ్చాక మావారు తన బస్సు దిగి మా దగ్గరికి రాలేదు. అక్కడే గట్టు మీద కూలబడ్డారు. అత్తగారు వెళ్ళి కొంగుతో ఆయన ముఖం తుడిచారు. "అయిపాయె బిడ్డా, అయిపాయె."

"జాలీలకెళ్ళి పాప ముఖం కనబడలేదమ్మా. మీ వీపులే కనబడ్డయి," అన్నారాయన.

నేను పాపను ఆయన ఒళ్ళో కూర్చోబెట్టాను. ఆయన దాని ఛాతీకి చెవి ఆనించి, కళ్ళు మూసుకుని వింటూ ఉండిపోయారు. గడ్డం గుచ్చుకుందేమో, పాప మెలికలు తిరుగుతూ నవ్వింది. ఆ నవ్వు వెంట దగ్గు రాలేదు.