నీళ్లు పోయని తోట

మూడు వారాల క్రితం, సిడ్నీలోని వెస్ట్‌మీడ్ స్టేషన్‌లో రైలు కోసం నిలబడి ఉండగా ఫోన్ వచ్చింది. "ఆంటీ పోయింది. పొద్దున టీ కలుపుకుని, తాగకుండానే" అన్నాడు ఆమె మేనల్లుడు.

ఆంటీ నాకు చుట్టం కాదు. సిడ్నీకి పడమర ఒక కొండ మీద ద్రాక్షతోట ఉన్న ఆస్ట్రేలియా ఆవిడ. యూనివర్సిటీలో వ్యవసాయం చదువుతూ, సెలవుల్లో ఆమె దగ్గర పనికి చేరాను. నాలుగేళ్లు నేర్చుకున్నాను. పేరుతో పిలవమంది. ఎనభై దాటిన మనిషిని పేరు పెట్టి పిలవడానికి నాకు నోరు రాలేదు. మేనల్లుడిలాగే నేనూ ఆంటీ అన్నాను. "సరే, ఇంకో మేనకోడలు. వీడికన్నా నయంగా ఉంటే చాలు" అంది.

మా ఇంట్లో బడికి వెళ్లిన మొదటిదాన్ని నేనే. అమ్మానాన్నలు మేడ్చల్ దగ్గర ద్రాక్ష పందిళ్ల కింద మెడలు పైకెత్తి కూలి చేశారు. వైన్ తోటలో చేరానని అమ్మకు చెప్పాను. "గింత సదివి కల్లు కాంపౌండుకు పోయినవా బిడ్డా?" అంది.

మొదటి జనవరిలోనే, అక్కడి నడివేసవిలో, తప్పు చేశాను. కొండ నెత్తిన ఉన్న పైతోటలో తీగలు ఎండకు వాడిపోయి కనిపించాయి. మా వైపు ద్రాక్షకు వేసవిలో నీళ్లు ఆపరు. బకెట్‌తో మోసి ఒక వరుస మొత్తానికి పోశాను. ఆంటీ అరవలేదు. బకెట్ అందుకుని, వరుస చివర బోర్లించి, దాని మీద కూర్చుంది.

"వరుసంతా పోశావా?"

"అంతా పోశాను."

"ఇక రోజూ నీ కోసం ఎదురుచూస్తాయి పాపం. మా నాన్న నాటిన ఏడాది తప్ప వీటికి నీళ్లివ్వలేదు. దాహమేస్తే వేరు కిందికి వెతుక్కుంటూ పోతుంది. పైన పోస్తే పైనే పడుకుంటుంది."

ఆ బకెట్ అక్కడే ఆమె కుర్చీ అయింది. దాని మీద కూర్చునే తోట కథ చెప్పింది. ఆ కొండ మీద మొదట గొర్రెలు, తర్వాత ఆపిల్ చెట్లు. వాళ్ల నాన్న వాటిని తీసి షిరాజ్ అనే ఎర్ర ద్రాక్ష నాటితే, ఈ చలిలో ఇది పండితే మంచులో అరటి కూడా పండుతుందని ఊరు నవ్విందట. పండింది. లోయలో కన్నా ఆలస్యంగా, చిన్న కాయతో, మందపాటి తోలుతో. ఒక ఏడాది అడవి మంటల పొగ వాసన పంటంతటికీ పట్టింది. ఒక్క సీసా నింపలేదు. అయినా చలికాలం రాగానే ఆంటీ కత్తెర పట్టుకుని కొండెక్కింది. "పంట పోయింది. తోట పోలేదు కదా" అంది నాతో.

మీలో వైన్ ముట్టనివాళ్లు చాలామంది ఉంటారు. నేనూ అంతే. పని కోసం మొదటిసారి చప్పరించినప్పుడు మిరియాల ఘాటు తగిలింది. అమ్మ కాచే చారు గుర్తొచ్చిందని చెప్పాను. మరుసటి వారం ఆ చారే కాచి ఫ్లాస్క్‌లో తీసుకెళ్లాను. ఆంటీ వైన్ గ్లాసులో పోసుకుని, తిప్పి, వాసన చూసి, మెల్లగా తాగింది.

"మా వైన్‌కన్నా ఘాటు. మీ అమ్మ ఏ కొండ మీద పండిస్తుంది?"

ఇది అమ్మకు చెప్పి, వీడియో కాల్‌లో ఇద్దరినీ కలిపాను. అమ్మ చూపు తీగల మీదే ఉంది. "పందిరి లేదు, నీళ్లు లేవు, గిట్ల ఎండబెట్టిండ్రేంది?" అంది. కాల్ అయ్యాక మాత్రం, "ముసలామె చేతులు సూసిన. పని చేసిన చేతులు. ఆడనే నేర్సుకో బిడ్డా" అంది.

అంత్యక్రియల రోజు మధ్యాహ్నం మేనల్లుడు నన్ను పక్కకు పిలిచాడు. "పైతోట పీకించేద్దామనుకుంటున్నా. మెషిన్ ఎక్కదు. ఆ ఏటవాలులో కత్తిరించడానికి ఎవరూ రారు."

"నేను కత్తిరిస్తాను."

"ఒక్కదానివా? ముప్పై వరుసలు."

"చిగుళ్లు వేసేలోపు ముగిస్తే ఉంచుతావా?"

అతను కొండ వైపు చూశాడు. "ముగిస్తే ముట్టుకోను" అన్నాడు.

శని, ఆదివారాలు వెళ్తున్నాను. పదకొండు వరుసలు అయ్యాయి. ఆంటీ కత్తెర నా చేతికి కాస్త పెద్దది. ప్రతి మొక్క దగ్గరా ఆమెలాగే ఒక్క క్షణం ఆగి, ఒక్కో కొమ్మకు చిగురొచ్చే రెండు కళ్లు వదిలి కత్తిరిస్తున్నాను. వేళ్లు బొబ్బలెక్కాయి. మిగతా వరుసలూ అవుతాయి.

నేను నీళ్లు పోసిన వరుసను ఆఖరికి ఉంచాను. దాని చివర బకెట్ ఇంకా బోర్లించే ఉంది. తెల్లవారేసరికి దాని మీద మంచు పేరుకుంటుంది. ఎండ రాగానే కరిగి, అంచు నుంచి ఒక్కో బొట్టూ పక్కనున్న తీగ మొదట్లో పడుతుంది. నేను దాన్ని జరపలేదు.