రెక్కల్లేని యంత్రానికి ఒక్క అవకాశం

మోరీన్‌కు కాలు ఒకచోట నిలవదు. పుట్టింది క్లెయిర్‌వుడ్‌లో, తాతల కాలంలో ఓడెక్కి పరాయి దేశం చేరిన తెలుగువాళ్ళ రేకుల ఇంట్లో. అక్కడి కూరతోటల మీదికి ఫ్యాక్టరీలు వచ్చి పడ్డాక తల్లి మంగమ్మతో ఖర్వాస్తాన్ అనే పేటకు చేరింది. చిన్నప్పుడు ఇంట్లో రేడియో విప్పి, మళ్ళీ బిగించడం చేతకాక తన్నులు తింది. టీచరయ్యాక ఆ బుద్ధి మానుకోకపోగా పిల్లలకూ అంటించింది. పక్కవాళ్ళది చూసి చేస్తే సున్నా వేస్తానని బెదిరించేది. పాపం, ఆ పిల్లలు పోటీకి వెళ్ళిన ప్రతిసారీ ఓడిపోయి వచ్చేవాళ్ళు.

తెల్లవాళ్ళతో సమానంగా అందరూ మొదటిసారి ఓట్లు వేసి మూడేళ్ళయింది. దేశంలో పాత రూళ్ళన్నీ తిరగరాస్తున్నారు. స్కూళ్ళ రోబో పోటీలో మాత్రం ఒకటి కదలకుండా కూర్చుంది. ఎగిరే యంత్రానికి రెక్కలు ఉండి తీరాలట! మోరీన్ శిష్యురాలు కయూరి చేసిన యంత్రానికి అవి లేవు. మూడు గ్యాసు బెలూన్లు, వాటి కింద బొమ్మకారు మోటార్లు రెండు, ముందువైపు వెలుతురును కనిపెట్టే రెండు కళ్ళు. వదిలితే వెలుగు ఉన్న వైపుకు దానంతటదే పోతుంది.

"ఇది బర్త్‌డే పార్టీకి బాగుంటుంది" అన్నాడు జడ్జి ట్రెవర్.

మోరీన్‌కు ఒళ్ళు మండిపోయింది. రోజూ ఫోన్ చేసి అతని ప్రాణం తీసింది. చివరికి అతనే దిగివచ్చాడు. యంత్రం హాలు అవతలి చివర పెట్టిన టార్చి దగ్గరికి చేరితే రెక్కల రూలు తీసేస్తాడు. చేరకపోతే ఆమె ఇక నోరెత్తకూడదు. ఎవరూ దాన్ని ముట్టుకోకూడదు, దారికి అడ్డం నిలబడకూడదు.

పోటీ రోజున మంగమ్మ ఇంటి నుంచి ఇత్తడి దీపం తెచ్చి, స్టేజీ మీద దేవుడి పటం ముందర అయిదు వత్తులూ వెలిగించింది. ఆ హాల్లో దీపం పెట్టకుండా ఏదీ మొదలుకాదు. మోరీన్ బల్బులన్నీ ఆర్పించింది, కర్టెన్లు మూయించింది, అటూ ఇటూ పరుగెత్తి తలుపు సందులు కూడా చూసుకుంది. దీపాన్ని మాత్రం ఆమె వెలుతురుగా లెక్కేయనే లేదు. దేవుడి ముందర పెట్టింది కదా.

కయూరి యంత్రాన్ని వదిలింది. అది సగం దూరం బుద్ధిగా పోయి, ఎవరో పిలిచినట్టు స్టేజీ వైపు తిరిగింది. జనం నవ్వారు.

"మేడమ్, దీపం! అది దీపం చూస్తాంది!" కయూరి అరిచింది.

మోరీన్ ఒక్క ఉరుకులో స్టేజీ ఎక్కింది. ఇంకో నాలుగు మూరలు వస్తే బెలూన్లు మంటకు తగులుతాయి. పువ్వుతో ఒక్కో వత్తీ నొక్కే వ్యవధి లేదు. నోటితో ఊదడమా? వాళ్ళింట్లో దీపం ఆరిందని కూడా అనరు, కొండెక్కిందంటారు. ఎవరూ చేయనిది చేయమని పిల్లలకు ఇన్నేళ్ళూ నూరిపోసిన మనిషి ఒకడుగు వెనక్కి వేసింది. కళ్ళు గట్టిగా మూసుకుని ఊదేసింది.

హాలంతా అయ్యో అంది. యంత్రం దారి తెలియక గాలిలో ఊగుతూ ఉండిపోయింది.

ముందు వరసలోంచి మంగమ్మ విసవిసా వచ్చింది. "దీపం నోట్తో ఊదేత్తావే? సిగ్గు లేదా నీకు, ఇంతమంది ముందర!" పళ్ళెంలోంచి అగ్గిపెట్టె తీసుకుంది. పుల్ల గీస్తే అంతా అయిపోతుంది. వద్దమ్మా అనడానికి మోరీన్‌కు మొహం చెల్లలేదు. అంత తప్పు చేసి తల్లిని ఏమని అడుగుతుంది?

మంగమ్మ పుల్ల తీసి పెట్టె అంచుకు ఆనించింది. నోటికి రెండు చేతులూ అడ్డం పెట్టుకున్న కయూరిని చూసింది. బెలూన్ల వైపు చూసింది.

"అది పోడానికి ఎంత టైమ్ పడతాది?"

"తెలీదమ్మా" అంది మోరీన్.

"పోనీ. నిలబడుంటా."

పుల్ల పెట్టెకు అలాగే ఆనించి నిలబడింది. యంత్రం మెల్లగా తిరిగింది, ఆగింది, మళ్ళీ తిరిగింది. అది టార్చి వైపు కదిలి, నింపాదిగా వెళ్ళి అద్దానికి ముక్కు ఆనించింది. ముందు చప్పట్లు కొట్టింది ట్రెవరే. "రూలు పోయింది!" అని అరిచాడు. కయూరి కుర్చీ మీదికెక్కి ఎగిరింది.

మోరీన్ ఏడుస్తూ తల్లి వైపు తిరిగింది. మంగమ్మ చేతిలో పుల్ల ఇంకా అలాగే ఉంది.

"ఇప్పుడు ఎలిగించనా?" అని అడిగింది.