శుక్రవారం కదలని కారు

ఆ రోజుల్లో బాపట్లలో పొలాలకు నీళ్ళు తోడే మా ఆయిలింజన్ల కంపెనీ శాఖ అంటే మేనేజరు గారు, డ్రైవరు బాబాయి, పాలిటెక్నిక్ నుంచి అప్పుడే బయటపడిన నేను, ఒక గోడ గడియారం, రెండు నమూనా ఇంజన్లు, తెనాలి ఆసామి ఒకాయన దగ్గర నెలవారీ అద్దెకు తీసుకున్న నల్ల కారు. వీటన్నిటిలో నా మాట వినేది గడియారం ఒక్కటే (అదీ కీ ఇస్తే). కారు బాధ్యత నాది. వెయ్యి మైళ్ళకోసారి సర్వీసింగ్ జరగాలి, అదీ తెనాలిలో ఆసామి పెరటి షెడ్డులో, ఆయన మేస్త్రీ చేతనే జరగాలి. గడువు దాటితే కారు వెనక్కి తీసుకుంటానన్నాడాయన. ఆ భయంతో నాకు నిద్రలోనూ మీటరు తిరుగుతూ ఉండేది. నాలుగు రంగుల సిరాలతో పట్టిక గీసి గోడకు అంటించాను. ఆయిలు మార్పు, గ్రీజు, బ్రేకులు, బ్యాటరీ నీళ్ళు, అన్నిటికీ గడులున్నాయి. ఏ వారమో రాసుకునే గడి మాత్రం లేదు.

పట్టిక ప్రకారం రెండో సర్వీసింగుకి ఒక గురువారం కారును తెనాలి చేర్చాం. మర్నాడు పదింటికి రేపల్లెలో రైలు దిగే హెడ్డాఫీసు పెద్ద ఇంజనీరు గారిని పెనుమూడి పొలాలకు తీసుకెళ్ళి అక్కడ బిగించిన మా ఇంజను నడిపి చూపించాలి. ఆయన సంతకం పెడితేనే నా ఉద్యోగం ఖాయం. "కారు లేటయిందా, నువ్వు అట్నుంచటే మీ ఇంటికెళ్ళిపోవయ్యా" అని మేనేజరు గారు ముందే దీవించారు. మేస్త్రీ పని ముగించేసరికి దీపాలు పెట్టే వేళయింది. సరే, రాత్రికి తెనాలిలోనే పడుకుని తెల్లారి బయల్దేరదామనుకున్నాం.

తెల్లారి వెళ్ళేసరికి కారు ముందు భాగానికి పసుపూ కుంకుమా పెట్టి ఉన్నాయి. గేటుకు అడ్డంగా కుర్చీ వేసుకుని ఆసామి తల్లి, మామ్మగారు, కూర్చున్నారు. పక్కన మరచెంబు, జంతికల డబ్బా.

"ఇవాళ శుక్రవారం బాబూ. లక్ష్మిని గడప దాటిస్తామా?"

"ఇది మేం అద్దెకు తీసుకున్న కారండి మామ్మగారూ!"

"కాదన్నానా? కాపురానికిచ్చిన పిల్లనయినా శుక్రవారం పుట్టింటి నుంచి పంపం. రేపు తీసుకెళ్ళు. టిఫిన్ చేశావా?"

"ఒప్పందంలో శుక్రవారం సంగతి లేదండి."

"ఒప్పందం మావాడు రాశాడు. నన్నడిగాడా?"

వరండాలో పేపరు చదువుతున్న ఆసామి వైపు చూశాను. ఆయన పేపరు ఇంకాస్త పైకెత్తుకున్నాడు. నేను కారు చుట్టూ తిరిగాను, తుడిచిన అద్దమే మళ్ళీ తుడిచాను, టైర్లను కాలితో తన్ని చూశాను. "ఎనిమిదవుతోందండీ" అన్నాడు బాబాయి, నా చేతికి గడియారం లేనట్టు. చివరికి తెగించి అడిగాను: "పంపితే తప్పు గానీ, మీరే వెంట ఉండి తీసుకెళ్ళి, దీపాలవేళకి ఇంటికి తెచ్చుకుంటే పంపినట్టు కాదు కదండీ?"

మామ్మగారు రెప్పపాటు ఆలోచించి, మరచెంబు అందుకుని లేచారు.

రేపల్లె స్టేషన్లో మేనేజరు గారు ముందే వచ్చి ఉన్నారు. రైలు దిగిన పెద్ద ఇంజనీరు గారు కారు వెనక తలుపు తెరవబోతే, "ముందు కూర్చో నాయనా, నాకు మోకాళ్ళు చాపుకోవాలి" అన్నారు మామ్మగారు. ఆయనా, మేనేజరు గారూ ముందు సీట్లో బాబాయి పక్కన ఇరుక్కున్నారు. వెనక అంచున జంతికల డబ్బా ఒళ్ళో పెట్టుకుని నేను.

"ఎవరీవిడ?" అన్నారు పెద్దాయన.

మేనేజరు గారు నా వైపు చూసిన చూపుకి నోటికొచ్చింది చెప్పేశాను. "కారు సర్వీసింగ్ షరతండి."

పెనుమూడిలో ఇంజను ఊరు అదిరేలా మొదలైంది. చుట్టూ చేరిన రైతులు ఏమీ అనకముందే మామ్మగారు కారులోంచే తేల్చేశారు: "నీళ్ళు బాగానే పోస్తోంది. నోరే కాస్త పెద్దది." అందరికంటే ముందు నవ్వింది పెద్ద ఇంజనీరు గారే. జంతిక నములుతూ నా కాగితం మీద సంతకం పెట్టారు. దాని మూలన నూనె మరక ఇప్పటికీ ఉంది.

దీపాలవేళకి మామ్మగారినీ కారునీ తెనాలి చేర్చి, మర్నాడు ఆఫీసుకి రాగానే పట్టికలో ఏ వారమో రాసే గడి ఒకటి చేర్చి, ఇకనుంచి సర్వీసింగ్ సోమవారాలే అని రాశాను. సోమవారం ఇచ్చినా మేస్త్రీ చేతికి ఏదో ఒక రిపేరు తగిలేది. పని ఎప్పుడు చూసినా గురువారం దీపాలవేళకే ముగిసేది. "మామ్మగారు నిదానంగా చెయ్యమన్నారండి" అని ఒకసారి నోరు జారాడు. శుక్రవారం వెళ్తే గేటు దగ్గర కుర్చీ, మరచెంబు. "బాపట్ల మీదుగా వెళ్తే సముద్రం కనిపిస్తుందా బాబూ?" అని అడిగేవారు. కారున్న ఆ ఇంట్లో ఆవిడను ఎక్కించుకుని తిప్పేవారు లేరన్న సంగతి నాకు తట్టడానికి నా తల నెరవాల్సి వచ్చింది. అప్పట్లో నా బాధంతా పట్టిక పాడవుతోందనే.

ఆ కారు మా దగ్గరున్నన్నాళ్ళూ జరిగిన సర్వీసింగులు పదకొండు. మామ్మగారు వెంట వచ్చిన శుక్రవారాలు పది.