మూడు పొలాల ఆండాలు

దిల్‌సుఖ్‌నగర్‌లో మెట్రో మెట్లు దిగి, కూరగాయల బండ్ల వెనక సందులోకి తిరిగితే చీరలకు ఫాల్స్ కుట్టి పీకో చేసే చిన్న దుకాణం ఒకటి ఉంది. ఆ దుకాణం ఆండాలుది. నలభై ఏడేళ్ళ మనిషి. కాలు మిషను మీద, కన్ను పక్కన నిలబెట్టిన ఫోను మీద. "రేపటికి అయితదా అక్కా?" అని ఎవరైనా అడిగితే "నీళ్ళు పెట్టినంక చెప్తా" అనేసి, ఆ తర్వాత నాలిక కరుచుకునేది.

ఆ నీళ్ళు ఫోనులో ఉన్న పొలానికి. 'పొలిమేర' అని ఒక ఆన్‌లైన్ ఆట. నలభై మంది కలిస్తే ఒక ఊరు, తలా ఒక పొలం. వేళకు నీళ్ళు పెట్టాలి, పురుగు పడితే మందు కొట్టాలి, ఆదివారం సాయంత్రం వేరే ఊళ్ళతో పోటీ పడాలి. ఊరికి ఒక పెద్ద. ఎవరు ఏ పంట వేయాలన్నా ఆయన మాటే.

ఆండాలుకు ఆ పెద్దరికం కావాలి. ఎందుకంటే, ఆమె తండ్రికి మన్సూరాబాద్‌లో ఆరెకరాలుండేవి. ఆమె పెళ్ళినాటికి అవి ప్లాట్లయ్యాయి. బెండతోట ఉన్నచోట ఇప్పుడు ఫంక్షన్ హాలుకు వచ్చినవాళ్ళు కార్లు నిలుపుతారు. ఏ మడికి ఎప్పుడు నీళ్ళు మళ్ళించాలో ఎనిమిదో ఏటనే నేర్చిన మనిషిని, ముప్పై ఏళ్ళుగా ఒక్కరూ ఆ సంగతి అడగలేదు. ఈ ఆటలో అడుగుతారు.

"ఉన్న భూమి అమ్ముకుంటిమి. లేని భూమికి నీళ్ళు పెడ్తున్నవ్" అనేవాడు భర్త బాల్‌రాజ్. ప్లాట్లు అమ్మిపెట్టడం ఆయన పని.

"లేని భూమి అయితే ఏంది? దీన్నయితే నువ్వు అమ్మలేవు గదా!" అనేది ఆమె.

ఆటలో అన్నిటికంటే ముందు రాసిపెట్టిన రూలు ఒకటుంది. ఎవరి పొలం వారే చేసుకోవాలి. ఆండాలు దాన్ని చదివింది, కానీ మనసుకు ఎక్కించుకోలేదు. మేడ మీద కిరాయికుండే విజయదుర్గ, పక్క దుకాణంలో మగ్గం వర్క్ చేసే రోహిణి, ఇద్దరూ ఆమె చేర్పిస్తేనే ఆటలో చేరారు. వారం తిరక్కుండా విసుగొచ్చి పాస్‌వర్డులు ఆమెకే చెప్పేశారు. ఊరికి పోయేవాళ్ళు తులసికి నీళ్ళు పొయ్యమని పక్కింటికి తాళం ఇచ్చిపోయినంత తేలిగ్గా. పక్కవాడు ఊళ్ళో లేకపోతే వాడి మడికి కూడా నీళ్ళు తిప్పి రావడం ఆండాలుకు తండ్రి నేర్పిన మర్యాద. అంతవరకు సరే. నీళ్ళు పెట్టిన కష్టానికి ఆ రెండు పొలాల నుంచీ నాలుగు నాలుగు బస్తాలు తన పొలానికి బహుమతిగా పంపుకోవడం మాత్రం తండ్రి నేర్పింది కాదు. ఆ బస్తాలతోనే ఆమె పేరు ఊళ్ళో మొదటి వరసకు ఎక్కింది.

పట్టుకున్నది ఊరి పెద్ద బాపిరాజు. భీమవరం నుంచి వచ్చి ఎల్బీనగర్‌లో స్థిరపడిన రిటైర్డు లెక్కల మాస్టారు. ముప్పై ఏళ్ళు పరీక్షహాల్లో చీటీలు పట్టిన చెయ్యి ఊరికే ఉంటుందా? ఒక మంగళవారం సాయంత్రం, అందరూ మాట్లాడుకునే వాయిస్ రూములో గొంతు సవరించుకున్నాడు.

"ఆండాలు గారూ, ఒక్క సందేహం. మీ పొలం, విజయదుర్గ గారి పొలం, రోహిణి గారి పొలం... మూడూ ప్రతి మంగళవారం పది నుంచి ఒంటిగంట దాకా నిద్రపోతాయేంటండీ?"

ప్రతి మంగళవారం ఆ వేళకు ఆండాలు కర్మన్‌ఘాట్ హనుమంతుడి గుళ్ళో ప్రదక్షిణలు చేస్తుంటుంది. ఫోను సంచిలో ఉంటుంది. ముగ్గురు మనుషులు ఒకే గంటన మాయమై ఒకే నిమిషాన ప్రత్యక్షమవుతున్నారని ఆమెకు తట్టనే లేదు.

"పక్కోళ్ళ మడికి నీళ్ళు పెట్టుడు తప్పా సార్?"

"పొలంలో అయితే సాయం. పరీక్షలో అయితే కాపీ. మరి ఆ బస్తాల మాటేమిటి?"

సరిగ్గా అప్పుడే ఆమె వంటింట్లో కుక్కరు కూత పెట్టింది. మైకు ఆపడం మర్చిపోవడం ఆమెకు అలవాటు. నలభై మంది విన్నారు, సగం మంది నవ్వారు.

"బస్తాలు తప్పే సార్" అంది చివరికి.

బస్తాలన్నీ వెనక్కి వెళ్ళాయి. పేరు జాబితాలో అట్టడుగుకు దిగి, పక్కన 'కొత్త సభ్యురాలు' అని పడింది. వనస్థలిపురం మణికంఠ అనే కుర్రవాడు 'మూడు పొలాల ఆండాలు' అని పేరు పెడితే అది అతుక్కుపోయింది. ఇంకొకరైతే ఆట తీసేసి ఫోను బోర్లించేవాళ్ళు. ఆండాలు మైకు దగ్గరికి ఇంకా జరిగింది.

"సార్, ఊరిపెద్ద కావాలంటే ఏం చెయ్యాలె?"

ఎవరో కిసుక్కుమన్నారు. బాపిరాజు నవ్వలేదు. "నలభై రోజులు మచ్చ లేకుండా ఆడాలండి. ఆ పైన ఓటు. నాకెలాగూ కంటి ఆపరేషను ఉంది, ఈ కుర్చీ ఖాళీ చేస్తాను."

"అయితే రాస్కోండ్రి. రేపు ఒకటో రోజు."

మర్నాడే రోహిణి చేత పాస్‌వర్డు మార్పించింది. విజయదుర్గ మాత్రం "మార్చడం నాకెక్కడ వచ్చండక్కా, మీ దగ్గరుంటే నాకూ నిశ్చింత" అంటూ రోజులు దాటేసింది. ఆండాలు ఇద్దరినీ మధ్యాహ్నం దుకాణంలో కూర్చోబెట్టుకుని నేర్పింది. చిక్కుడుకు ఎన్ని నీళ్ళు, మబ్బు పడితే ఎందుకు ఆపాలి, పురుగు ఆకు అడుగున ఎట్ల దాగుతుంది. విజయదుర్గ మొదటి పంట మాడ్చింది, రెండోది కుళ్ళబెట్టింది. చూస్తున్న ఆండాలు చేతులు దురద పెట్టాయి. రెండు చేతులూ మిషను కింద దాచుకుని "నొక్కు, నువ్వే నొక్కు" అనేది. ఊళ్ళో వేరేవాళ్ళూ మెల్లగా సలహాలు అడగసాగారు. మణికంఠ కూడా అడిగాడు, కానీ పేరు మాత్రం మార్చలేదు.

నలభయ్యో రోజు ఆదివారం. పోటీ ఐదు నుంచి ఆరు దాకా. ఆ గంటలో ఏ ఒక్క పొలం ఎండినా ఊరంతటికీ మార్కులు కోత. ఆరుకు పది నిమిషాలుందనగా చూస్తే, ముప్పై తొమ్మిది పొలాలు పచ్చగా ఉన్నాయి, ఒకటి పసుపు రంగుకు తిరిగింది. విజయదుర్గది. ఆమె చెల్లెలి పెళ్ళికని రాజమండ్రి పోయింది.

ఆండాలు భర్త ఫోను లాక్కుని రింగు చేసింది. ఎత్తలేదు. మళ్ళీ చేసింది.

"పాస్‌వర్డ్ నీకు తెలుసు గదా, కొట్టెయ్ రాదూ" అన్నాడు బాల్‌రాజ్. "ఎవడు చూడొచ్చిండు?"

"తెలుసు. అందుకే కొట్ట."

"ఊరు ఓడిపోతే నీకు ఓట్లెవరేస్తరే?"

"ఓడిపోనీ. దొంగ నీళ్ళతోటి పెద్దరికం నాకొద్దు. నువ్వు జర ఊకో!"

నాలుగోసారి ఫోను ఎత్తింది. సన్నాయి మోతలో విజయదుర్గ గొంతు. "అక్కా! రెండు చేతులకీ మెహందీ పెట్టేశారు, తడిగా ఉంది. ఫోను మా ఆడపడుచు పట్టుకుంది. ఆవిణ్ణి నొక్కమననా?"

"వద్దొద్దు! నీ పొలం నువ్వే! రూలు!"

"మరి దేంతో నొక్కనక్కా?"

"ముక్కున్నది గదా! ముక్కుతోటి నొక్కు." అవతల నొక్కిన చోటల్లా ఆండాలు ఫోనులో ఆ పొలం మీద మెరుస్తోంది. "ఎడమ దిక్కు నీళ్ళ కుండ... ఆడ! ఇంకా కిందికి! నాయినా, పంట కోస్తున్నవేందే, కుండ!"

అవతల ఆడపడుచు పగలబడి నవ్వుతోంది. ముక్కు ఒకటి, ముక్కు రెండు. మూడో ముక్కుకు పసుపు పోయి పచ్చదనం వచ్చింది. ఇంకా రెండు నిమిషాలుంది. ఆండాలు కుర్చీలో వెనక్కి వాలి చెమట తుడుచుకుంది. అప్పుడు చెవిలోని ఇయర్‌ఫోన్‌లోంచి, వాయిస్ రూములో ఉన్న బాపిరాజు గొంతు వినిపించింది.

"ఆండాలు గారూ, మీ మైకు ఆన్‌లో ఉందండి. మొదటి నుంచీ."

బాల్‌రాజ్ మెల్లగా లేచి అవతల గదిలోకి వెళ్ళిపోయాడు.

ఊరు ఆ పోటీలో మూడో స్థానంలో వచ్చింది, కప్పు రాలేదు. ఓటు మాత్రం ఆ రాత్రి భోజనాలకు ముందే అయిపోయింది. నలభైలో ముప్పై రెండు ఆండాలుకు. మణికంఠ వేయలేదు, వేయలేదని తనే చెప్పాడు. "సరే తియ్, వచ్చేసారి వేస్తవ్" అంది కొత్త పెద్ద.

విజయదుర్గ రాజమండ్రి నుంచి వచ్చీరాగానే, ఆండాలు దగ్గరుండి పాస్‌వర్డు మార్పించింది, కొత్తది కంటపడకుండా తను గోడవైపు తిరిగి.

ఆ మంగళవారం పొద్దున ఆటలోని ఊరి గోడ మీద కొత్త పెద్ద రాసిన మొదటి నోటీసు ఇది: 'నేను గుడికి పోతున్న. ఒంటిగంట దాకా ఉండ. నా పొలం ఎండినా ఎవ్వరు ముట్టొద్దు.'

నిజంగానే ఎండింది. తిరిగొచ్చి రెండు వరసల బెండ వాడిపోయి ఉండడం చూసి, రూలు ప్రకారం తన మార్కులు తనే కోసుకుంది. తర్వాత మిషను మీద కాలు పెట్టి, ఎదురు చూస్తున్న కస్టమరుతో చెప్పింది.

"రేపటికి అయితది. ఇయ్యాల నీళ్ళు పెట్టుడు లేదు."